అన్ని సొట్టలూ ముద్దుగా ఉండవు

సొట్ట అనగానే మనకి గుర్తొచ్చేవి బుగ్గలే. నవ్వితే సొట్ట పడే బుగ్గలంటే నాకూ ఇష్టమే. కానీ ఆ ఒక్క అర్థమే మనసులో పాతుకుపోయి, ఒంటి మీద పడే మిగతా సొట్టల్ని మనం పట్టించుకోవట్లేదు. నా బాధంతా అదే.

బుగ్గ సొట్ట సంగతి చిన్నది. పెదవి చివరను పైకి లాగే కండరం కొందరిలో రెండు పాయలుగా చీలి ఉంటుంది. అక్కడ చర్మం దానికి అతుక్కుని ఉండటంతో, నవ్వినప్పుడు లోపలికి గుంజుకుపోతుంది. అంతే. అది లేనివాళ్లకి నోటి లోపలి నుంచి కుట్టు వేసి సొట్ట పుట్టించే సర్జరీలు కూడా వచ్చాయి. మొదట్లో నవ్వకపోయినా ఆ గుంట అలాగే కనబడుతుంది. ఇన్ఫెక్షన్ రావచ్చు, ముఖంలోని నరం దెబ్బతినొచ్చు. ఆరోగ్యంగా ఉన్న బుగ్గకి ఇదంతా ఎందుకో నాకు అర్థం కాదు.

సొట్టంటే లోపమేనని కొట్టిపారేసేవాళ్లూ ఉంటారు. గోల్ఫ్ బంతి చూడండి, దాని మీద 300 నుంచి 500 దాకా సొట్టలు కావాలనే పెడతారు. నున్నటి కొత్త బంతుల కంటే దెబ్బలు తిని గాట్లు పడ్డ పాత బంతులే దూరం వెళ్తున్నాయని పూర్వం ఆటగాళ్లే గమనించారు. ఆ గుంటల వల్ల గాలి పొర బంతిని మరికాస్త వెనక దాకా అంటిపెట్టుకుని ఉంటుంది, బంతిని ఆపే గాలి నిరోధం బాగా తగ్గుతుంది.

ఒంటి దగ్గరికి వద్దాం. కాలు వాచినప్పుడు బొటనవేలితో కాసేపు నొక్కి తీస్తే గుంట అలాగే నిలిచిపోతోందా? లోపల నీరు చేరిందన్నమాట. గుండె, కిడ్నీ, లివర్ జబ్బుల్లో కూడా ఇలా జరుగుతుంది. "ఎక్కువసేపు నిలబడ్డాను, అందుకే" అని రోజుల తరబడి సర్దిచెప్పుకోకండి.

అన్నిటికంటే నేను గట్టిగా చెప్పాలనుకున్నది రొమ్ము మీద సొట్ట గురించి. గడ్డ చేతికి తగిలితేనే క్యాన్సర్ అని చాలామంది అనుకుంటారు. గడ్డ తెలియకముందే చర్మం లోపలికి లాగినట్టు కనబడొచ్చు. రొమ్ముని పట్టి ఉంచే సన్నటి తంతువులు చర్మం దాకా ఉంటాయి. లోపల పెరిగే కణితి వాటిని గుంజితే పైన సొట్ట పడుతుంది. చేతులు కిందికి వేలాడేసి నిలబడితే కనిపించకపోవచ్చు. అద్దం ముందు రెండు చేతులూ పైకెత్తి ఒకసారి, నడుం మీద చేతులు గట్టిగా అదిమి ఇంకోసారి చూసుకోవాలి. చర్మం నారింజ తొక్కలా చిన్న చిన్న గుంటలతో మందంగా మారినా అది ప్రమాద సూచనే. ప్రతి సొట్టా క్యాన్సర్ కాదు, పాత దెబ్బ వల్లో ఆపరేషన్ మచ్చ వల్లో కూడా పడొచ్చు. ఏదన్నది తేల్చాల్సింది మాత్రం డాక్టరే. నొప్పి లేదు కదా అని ఆగకండి, ఇలాంటి సొట్టకి చాలాసార్లు నొప్పే ఉండదు.

సిగ్గుపడి అమ్మకి కూడా చెప్పుకోలేని అమ్మాయిలున్నారు, ఇంటి పని తెమిలాక చూపించుకుందాంలే అని నెలలు దాటేసే అమ్మలున్నారు. ఈ పోస్ట్ వాళ్లకి చూపించండి. ఇంట్లో మగవాళ్లకి కూడా. అరుదుగానే అయినా రొమ్ము క్యాన్సర్ మగవాళ్లకీ వస్తుంది, చనుమొన పక్కన పడే సొట్టని వాళ్లసలు లెక్కే చేయరు.