బరువు తగ్గడం ఒక పని, తగ్గాక నిలబెట్టుకోవడం మరో పని

బరువు తగ్గాలనుకునేవాళ్లకు అందరూ చెప్పే సలహా ఒక్కటే: తక్కువ తిను, ఎక్కువ కదులు. అందులో అబద్ధం ఏమీ లేదు. కానీ ఆ సలహా ప్రకారమే నడుచుకుని, నెలల తరబడి నోరు కట్టుకుని, పది కిలోలు తగ్గి, రెండేళ్లు తిరిగేసరికి ఆ పదీ మళ్లీ ఒంటికి పట్టినవాళ్ల సంగతేంటి? ఆ మాటలో వాళ్లకు జవాబు దొరకదు. ‘నాకు పట్టుదల లేదు, ఇది నా వల్ల కాదు’ అని తమ మీద తామే తీర్పు చెప్పుకుంటారు. చుట్టూ ఉన్నవాళ్లు కూడా అదే అంటారు. ఎంతోమంది మళ్లీ ప్రయత్నించకుండా ఆగిపోయేది ఈ తీర్పు వల్లే. తీర్పు తప్పని చూపించడానికి కావలసినంత సాక్ష్యం ఉంది. ఆ సాక్ష్యం తెలిస్తే మనం పాటించే పద్ధతి కూడా మారుతుంది.

1944 నవంబరులో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో యాన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది యువకులతో ఒక ప్రయోగం మొదలుపెట్టారు. యుద్ధంలో తిండి లేక చిక్కిపోయిన జనాన్ని మళ్లీ ఎలా కోలుకునేలా చేయాలో తెలుసుకోవడం దాని ఉద్దేశం. శారీరకంగా, మానసికంగా గట్టివాళ్లను ఏరి తీసుకున్నారు. అప్పటిదాకా రోజుకు 3,200 కేలరీల దాకా తింటున్న వాళ్లకు ఆర్నెల్లపాటు అందులో దాదాపు సగమే, సుమారు 1,570 కేలరీలు మాత్రమే ఇచ్చారు. వాళ్లు తమ బరువులో నాలుగో వంతు కోల్పోయారు. దాంతోపాటు వాళ్ల మనసులూ మారిపోయాయి. రోజంతా తిండి ధ్యాసే. వంటల పుస్తకాలు ముందేసుకుని కూర్చునేవారు. చిరాకు, దిగులు, మనుషులంటే విముఖత మొదలయ్యాయి. మళ్లీ కడుపునిండా పెట్టడం మొదలయ్యాక కూడా చాలా రోజులు ఆకలి తీరలేదు. వీళ్లలో ఎవరికీ పట్టుదల తక్కువ కాదు. తిండి బాగా తగ్గినప్పుడు ఏ మనిషి ఒళ్లయినా అలాగే స్పందిస్తుంది. ఇవాళ ‘నెలలో పది కిలోలు’ అనే డైట్లలో కొన్ని ఆ యువకులకు ఇచ్చినదానికన్నా కూడా తక్కువ తినమంటాయి. పదో రోజున పట్టు తప్పితే, ఆ తప్పు తిన్నవాళ్ల మీదే వేస్తాయి.

ఈ స్పందన ఎలా పనిచేస్తుందో తర్వాతి పరిశోధనలు విడమరిచి చెప్పాయి. ఒంట్లో కొవ్వు ఎంత ఉందో మెదడుకు తెలియజేసే లెప్టిన్ అనే హార్మోన్‌ను 1994లో గుర్తించారు. కొవ్వు తగ్గితే లెప్టిన్ తగ్గుతుంది, మెదడు దాన్ని కరువుగా లెక్కేస్తుంది. 2011లో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం, డైట్‌తో బరువు తగ్గిన వాళ్లలో ఏడాది గడిచాక కూడా ఆకలిని పెంచే హార్మోన్లు ఎక్కువగానే, కడుపు నిండిందని చెప్పే హార్మోన్లు తక్కువగానే ఉన్నాయి. అంటే డైట్ ముగిసినా ఒంటికి ఆ సంగతి తెలియదు. 2016లో మరో అధ్యయనం టీవీలో బరువు తగ్గే పోటీలో పాల్గొన్న 14 మందిని ఆరేళ్ల తర్వాత పరీక్షించింది. చాలామందికి తగ్గిన బరువులో ఎక్కువ భాగం తిరిగొచ్చింది. వాళ్ల శరీరాలు విశ్రాంతిగా ఉన్నప్పుడు ఖర్చుచేసే శక్తి, ఆ బరువున్న మనిషి నుంచి ఆశించేదానికన్నా రోజుకు సుమారు 500 కేలరీలు తక్కువగా ఉంది. విపరీతమైన వ్యాయామం, విపరీతమైన కడుపు మాడ్చుకోవడం కలిసిన చోట వచ్చిన ఫలితం ఇది. నిదానంగా తగ్గేవాళ్లందరికీ ఇదే అంకె వర్తిస్తుందని కంగారు పడక్కర్లేదు. ఆ 14 మందిలోనే బరువును కాస్త బాగా నిలబెట్టుకున్నవాళ్లు, తర్వాతి ఏళ్లలో శారీరక శ్రమను బాగా పెంచుకున్నవాళ్లని కూడా తేలింది. ఆ మాట మీదికి మళ్లీ వస్తాను.

ఇదంతా చదివి ‘అయితే ఇంకేం చేస్తాం’ అని వదిలేయడం పొరపాటు. ముందుగా మార్చుకోవలసింది మనం పెట్టుకునే లక్ష్యం. పెళ్లినాటి బరువో, కాలేజీ నాటి బరువో, ఎవరి ఫొటోలోనో చూసిన నడుమో లక్ష్యం అయితే ప్రయాణం మొత్తం ఓటమిలాగే అనిపిస్తుంది. 2002లో అమెరికాలో డయాబెటిస్ ముప్పు ఎక్కువగా ఉన్న 3,234 మందిపై జరిగిన పెద్ద అధ్యయనం ఫలితాలు వెలువడ్డాయి. జీవనశైలి మార్చుకున్న బృందానికి పెట్టిన లక్ష్యం చాలా చిన్నది: ఒంటి బరువులో 7 శాతం తగ్గడం, వారానికి 150 నిమిషాలు నడక లాంటి శ్రమ చేయడం. దాదాపు మూడేళ్లలో వాళ్లలో డయాబెటిస్ రావడం 58 శాతం తగ్గింది. డయాబెటిస్‌కు వాడే మెట్‌ఫార్మిన్ మాత్రలు వేసుకున్న బృందంలో తగ్గుదల 31 శాతం. తొంభై కిలోల మనిషికి 7 శాతం అంటే ఆరు కిలోల పైచిలుకు. ఆరు కిలోలు తగ్గిన మనిషిని చూసి ‘పెద్ద తేడా ఏం కనిపించట్లేదే’ అనేవాళ్లు ఉంటారు. తేడా ఉన్నది కంటికి ఆనే చోట కాదు, కాలేయంలో, రక్తంలో. ఆరు కిలోలు తగ్గి అక్కడే నిలబడ్డవాళ్లు తమను తాము గెలిచినవాళ్లుగా చూసుకోవాలని నేను గట్టిగా కోరుకుంటాను. ఇంకా తగ్గాలనుకుంటే, ఆ బరువులో కొన్ని నెలలు కుదురుకున్నాక మళ్లీ మొదలుపెట్టవచ్చు.

ఏ డైట్ మంచిదన్న వాదన మీద జనం పెట్టే శక్తిలో సగం ఆ డైట్ పాటించడం మీద పెడితే బాగుండేది. 2018లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 609 మందిని రెండు బృందాలు చేసి, ఒకరికి కొవ్వు తక్కువ ఉండే తిండి, మరొకరికి పిండి పదార్థాలు తక్కువ ఉండే తిండి ఏడాదిపాటు తినమన్నారు. చివరికి రెండు బృందాలూ సగటున అయిదారు కిలోలే తగ్గాయి, వాటి మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. ఒకే బృందంలోని మనుషుల మధ్య మాత్రం తేడా చాలా ఉంది. కాబట్టి డైట్ ఎంచుకునేటప్పుడు వేసుకోవలసిన ప్రశ్న ఒకటే: అయిదేళ్ల తర్వాత కూడా నేను ఇలా తినగలనా? తినలేననిపిస్తే మొదటి రోజే దాన్ని పక్కన పెట్టేయండి. ఏ పద్ధతిలో తిన్నా ఉపయోగపడే సంగతి ఒకటుంది. 2019లో 20 మందిని ఒక పరిశోధన కేంద్రంలో ఉంచి రెండు వారాలు ప్యాకెట్లలో వచ్చే బాగా ప్రాసెస్ చేసిన తిండి, రెండు వారాలు మామూలుగా వండిన తిండి పెట్టారు. కావలసినంత తినమన్నారు. ప్యాకెట్ తిండి తిన్నప్పుడు వాళ్లు రోజుకు సుమారు 500 కేలరీలు ఎక్కువ తిన్నారు, బరువూ పెరిగారు. పట్టుదలను పరీక్షించుకోవడం కన్నా అలాంటి ప్యాకెట్లను ఇంట్లోకి రానివ్వకపోవడం ఎంతో తేలిక. పూట పూటకీ తగినంత ప్రొటీన్, పీచు ఉంటే ఆకలి త్వరగా పుట్టదు. తీపి పానీయాల రూపంలో లోపలికి వెళ్లే కేలరీలతో కడుపు నిండినట్టే ఉండదు కనుక ముందు తగ్గించాల్సింది వాటినే.

ఇప్పుడు వెయింగ్ మెషీన్ గురించి. జనాన్ని ఇంతగా ఏడిపించే వస్తువు ఇంట్లో మరొకటి లేదు. డైట్ మొదలైన మొదటి వారంలో రెండు మూడు కిలోలు తగ్గుతాయి, పండగలా ఉంటుంది. అందులో ఎక్కువ భాగం నీరు. కండరాల్లో, కాలేయంలో గ్లైకోజెన్ రూపంలో దాచిన ప్రతి గ్రాము పిండి పదార్థంతోపాటు సుమారు మూడు గ్రాముల నీరు నిల్వ ఉంటుంది. తిండి తగ్గగానే ఆ నిల్వ కరిగి నీరు బయటికి పోతుంది. మూడో వారానికి అంకె కదలడం మానేస్తుంది, ఒక్కోసారి పైకి కూడా వెళ్తుంది. కొత్తగా వ్యాయామం చేసిన కండరాలు నీటిని పట్టి ఉంచుతాయి, ఉప్పు ఎక్కువైన భోజనం తర్వాత ఒళ్లు నీరు పడుతుంది, ఆడవాళ్లలో నెలసరికి ముందు కిలోకు పైగా పెరగడం మామూలే. చాలామంది నిరాశపడి మానేసేది ఇలాంటప్పుడే. ఒక కిలో కొవ్వులో సుమారు 7,700 కేలరీలు ఉంటాయి. నిన్నటికీ ఇవాళ్టికీ కిలో పెరిగారంటే మీరు రాత్రికి రాత్రే అన్ని కేలరీలు అదనంగా తిన్నట్టు కాదు కదా! రోజూ చూసుకునే అలవాటుంటే పొద్దున్నే ఒకే వేళకు చూసుకోండి, వారం సగటును పోయిన వారం సగటుతో పోల్చండి. అంకె చూసి రోజంతా పాడైపోయే స్వభావమైతే మెషీన్‌ను అటక మీద పెట్టి, నెలకు రెండుసార్లు నడుము చుట్టుకొలత టేపుతో చూసుకుంటే చాలు. పొట్ట చుట్టూ పేరుకున్న కొవ్వు గురించి బరువు అంకె కన్నా టేపే ఎక్కువ చెబుతుంది.

వ్యాయామం గురించి ఉన్న మాట చెప్పాలి. తిండి మార్చకుండా ఒక్క వ్యాయామంతోనే తగ్గే బరువు చాలా తక్కువ. గంట నడిచి కరిగించింది రెండు నిమిషాల్లో తినేయవచ్చు. ఇది ముందే తెలియనివాళ్లు జిమ్‌లో రెండు నెలలు చెమటోడ్చి, మెషీన్ చూసుకుని నీరసపడిపోతారు. వ్యాయామం అసలు ఉపయోగం వేరే చోట ఉంది. అమెరికాలో 1994లో మొదలైన నేషనల్ వెయిట్ కంట్రోల్ రిజిస్ట్రీలో, కనీసం 13.6 కిలోలు తగ్గి ఏడాదికి పైగా నిలబెట్టుకున్న వేలమంది తమ వివరాలు ఇచ్చారు. తగ్గడానికి వాళ్లు ఎంచుకున్న దారులు రకరకాలు. నిలబెట్టుకోవడానికి చేసేవి మాత్రం దాదాపు ఒకేలా ఉన్నాయి: రోజూ చాలాసేపు, సగటున గంట దాకా నడక లాంటి శ్రమ, తరచూ బరువు చూసుకోవడం, సెలవు రోజుల్లోనూ మామూలు రోజుల్లాగే తినడం. ముందుకొచ్చి పేరు నమోదు చేసుకున్నవాళ్ల సమాచారం ఇది కనుక అందరికీ రుజువుగా తీసుకోలేం. అయినా శ్రమ విషయంలో టీవీ పోటీదారుల అధ్యయనంలో తేలిందీ ఇదే.

గంట అనగానే భయపడకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పిన కొలత పెద్దవాళ్లకు వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు శ్రమ, దానికి తోడు వారంలో కనీసం రెండు రోజులు కండరాలకు బలం ఇచ్చే వ్యాయామం. ఎంత కొంచెం చేసినా, అసలు చేయకపోవడం కన్నా మేలని కూడా అదే చెప్పింది. పదివేల అడుగుల లెక్క గురించి అనవసరంగా టెన్షన్ పడేవాళ్లున్నారు. ఆ అంకె 1960లలో జపాన్‌లో అమ్మిన ఒక అడుగుల మీటరు పేరు నుంచి వచ్చింది, పరిశోధనలోంచి పుట్టింది కాదు. సగటున 72 ఏళ్ల వయసున్న సుమారు 17 వేల మంది మహిళలపై 2019లో వచ్చిన అధ్యయనంలో, రోజుకు 2,700 అడుగులు నడిచేవాళ్లకన్నా 4,400 నడిచేవాళ్లలో మరణాలు గణనీయంగా తక్కువ. 7,500 దాటాక అదనపు లాభం పెద్దగా కనిపించలేదు. రెండు వేలు నడిచే మనిషి నాలుగు వేలకు చేరడమే పెద్ద అడుగు.

బరువులెత్తే వ్యాయామాన్ని మాత్రం చాలామంది, ముఖ్యంగా ఆడవాళ్లు, దాటేస్తున్నారు. తిండి తగ్గించినప్పుడు కొవ్వుతో పాటు కండ కూడా కరుగుతుంది. కండను కాపాడేవి ముఖ్యంగా రెండు: తగినంత ప్రొటీన్, కండరాలకు పని. నిద్ర కూడా ఇక్కడే కలుస్తుంది. 2010లో షికాగోలో జరిగిన ఒక చిన్న ప్రయోగంలో తిండి ఒకేలా తగ్గించి, కొన్నాళ్లు ఎనిమిదిన్నర గంటలు, కొన్నాళ్లు అయిదున్నర గంటలు నిద్రకు సమయం ఇచ్చారు. తగ్గిన బరువు రెండుసార్లూ ఇంచుమించు ఒకటే. నిద్ర తగ్గినప్పుడు మాత్రం అందులో కొవ్వు వాటా సగానికి పైగా పడిపోయింది, కండ ఎక్కువ పోయింది. తెల్లవారుజామున వర్కవుట్ కోసం రోజూ నిద్ర చంపుకునేవాళ్లు ఈ సంగతి ఆలోచించాలి.

మధ్యలో ఆగిపోతామేమోనన్న భయం ఉన్నవాళ్లకు ఒక మంచి వార్త. 2010లో లండన్ పరిశోధకులు 96 మందిని గమనించారు. కొత్త పని అలవాటుగా మారడానికి కొందరికి 18 రోజులే పడితే, కొందరి విషయంలో లెక్క 254 రోజుల దాకా వెళ్లింది. మధ్యస్థం 66 రోజులు, అంటే సగం మందికి అంతకన్నా తక్కువ, సగం మందికి ఎక్కువ. మధ్యలో ఒక రోజు తప్పినా అలవాటు పడటానికి పెద్దగా అడ్డు రాలేదు. చెడిపోయిన రోజు మీ ప్రయత్నాన్ని చెడగొట్టదు. ‘ఎలాగూ తప్పింది, సోమవారం నుంచి చూద్దాం’ అనుకుని వదిలేసిన మిగతా వారమే చెడగొడుతుంది. అందుకే కష్టమైన వారాల కోసం ఒక చిన్న కొలత ముందే రాసి పెట్టుకోండి: జ్వరం లేనంతవరకు పది నిమిషాల నడక, పూటకు సరిపడా ప్రొటీన్, వేళకు నిద్ర. ఆ వారం బరువు తగ్గకపోయినా ఫర్వాలేదు, దారి తప్పకుండా ఉంటారు.

మందుల గురించి కూడా చెప్పాలి. ఆకలిని తగ్గించే సెమాగ్లుటైడ్ అనే మందు ఇంజెక్షన్‌తో 68 వారాల్లో సగటున బరువులో 15 శాతం దాకా తగ్గినట్టు 2021లో ప్రచురించిన అధ్యయనం చూపింది. ఆపేసిన ఏడాదికి అందులో మూడింట రెండొంతులు తిరిగొచ్చింది. ఆకలి పట్టుదలకు సంబంధించింది కాదని చెప్పడానికి ఇంతకన్నా ఏం కావాలి? అవసరమున్నవాళ్లు డాక్టర్ సలహాతో మందు వాడటంలో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. షుగర్, బీపీ మాత్రలు వాడేవాళ్లు, గర్భిణులు, గుండె జబ్బున్నవాళ్లు, తిండి విషయంలో మానసిక ఇబ్బందులు పడినవాళ్లు డైట్ మొదలుపెట్టే ముందే డాక్టర్‌ను కలవాలి. షుగర్ మందుల మోతాదు మార్చకుండా తిండి తగ్గిస్తే ప్రమాదం కూడా రావచ్చు.

‘ఈ వయసులో ఇంకేం’ అనేవాళ్ల కోసం మరో అధ్యయనం ఉంది. 1990లో వృద్ధాశ్రమంలో ఉంటున్న, సగటున 90 ఏళ్ల వయసున్న పది మందితో ఎనిమిది వారాలు కాళ్ల కండరాలకు బరువులతో వ్యాయామం చేయించారు. పూర్తి చేసినవాళ్లలో కాళ్ల బలం సగటున 174 శాతం పెరిగింది. మీరు మొదలుపెట్టడానికి జిమ్ కూడా అక్కర్లేదు. గోడకు ఆనించిన కుర్చీలో కూర్చుని, చేతులు ఆన్చకుండా లేవండి, మళ్లీ నిదానంగా కూర్చోండి. అయిదుసార్లు చేయగలిగితే రోజు విడిచి రోజు అయిదుసార్లు చేయండి. తేలిక అనిపించిన వారం మరో రెండు కలపండి. అసలు లేవలేకపోతే కుర్చీ ఎత్తు పెంచి చూడండి, చేతుల ఊతం తీసుకోండి. మోకాలు నొప్పి పెడితే ఆగి, ఫిజియోథెరపిస్ట్‌కు చూపించుకున్నాక కొనసాగించండి.