వాగ్దాన వాక్యాన్ని ఫార్వర్డ్ చేయకండి, చెక్కండి

జనవరి ఒకటో తేదీ తెల్లారకముందే ఫోన్ల నిండా బైబిలు వాగ్దాన వాక్యాలు. వెనక సూర్యోదయం, పక్కన గులాబీ పువ్వు, పైన పసుపు అక్షరాలు. కళ్లు చదవడం పూర్తి కాకముందే వేలు ఇంకో పదిమందికి పంపేస్తుంది. మన సంఘాల్లో వాక్యానికీ బొమ్మకూ ఉన్న సంబంధం చాలావరకు ఇంతే: ఫ్లెక్సీ, స్టేటస్, వీబీఎస్‌లో (సెలవుల బైబిలు బడిలో) పిల్లలకు రంగుల పోటీ. పెద్దవాళ్లు చేతితో ఏదైనా చేస్తూ ప్రార్థించవచ్చన్న ఆలోచనే మనకు అలవాటు కాలేదు. ఇది నాకు నిజంగా బాధగా ఉంటుంది. అందుకే ఒక దారి చెబుతాను: ఒక్క మాటను పలక మీద చెక్కి అచ్చు వేస్తూ ప్రార్థించడం.

నిర్గమకాండం 31వ అధ్యాయంలో దేవుడు పేరు పెట్టి పిలిచి తన ఆత్మతో నింపానని చెప్పింది పనివాడైన బెసలేలు గురించి. బంగారం, వెండి, ఇత్తడి, చెక్క, రాయి అన్నీ అతని చేతి పనే. బోధకుల పాఠాల్లో ఈ పేరు ఎన్నిసార్లు వినిపిస్తుంది?

"మరి విగ్రహం సంగతేమిటి?" అని అడిగేవారి భయాన్ని తీసిపారేయను. నిర్గమకాండం 20లో చెక్కిన రూపం వద్దన్న దేవుడే 25లో మందసం మీద కెరూబులు (రెక్కలున్న దూతల రూపాలు) చేయమన్నాడు. మోషే చేసిన ఇత్తడి సర్పానికి తర్వాతి తరాలు ధూపం వేయడం మొదలుపెడితే యూదా రాజు హిజ్కియా దాన్ని ముక్కలు చేశాడు. చేయడం వేరు, చేసినదాని ముందు సాగిలపడడం వేరు. అయినా మనస్సాక్షి ఒప్పుకోకపోతే బొమ్మ జోలికే వెళ్లొద్దు. ఒక్క మాట చెక్కండి, చాలు. విజయవాడలో పనిచేసిన లూథరన్ వేదాంతి పులిదిండి సాలొమోన్ రాజ్ గారు చెక్క అచ్చుల్లో, బాతిక్‌లో (గుడ్డ మీద మైనం అద్దకంలో) సువార్తను తెలుగు నేల మీది రూపాలతో చూపించారు. చెక్కి అచ్చు వేయడం మనకు పరాయి పనేమీ కాదు.

అచ్చే ఎందుకంటే, అందులో తొందర కుదరదు. రంగు పెన్సిలుతో వాక్యం అరగంటలో అయిపోతుంది, ఆ అరగంటా మనసు ఎక్కడో తిరిగి రావచ్చు. ఉలి పట్టినప్పుడు మనసు తప్పిపోతే గీత తప్పిపోతుంది.

శ్రమల కాలానికి సరిపోయే కొలతలు చెబుతాను. భస్మ బుధవారం నుంచి ఈస్టర్ ముందు రోజు వరకు, ఆదివారాలు తీసేస్తే 40 రోజులు. 16 సెంటీమీటర్ల వెడల్పు, 10 ఎత్తు ఉన్న లినో (చెక్కడానికి వీలైన మెత్తటి లినోలియం పలక) ముక్క తీసుకుని 2 సెంటీమీటర్ల గళ్లు గీస్తే సరిగ్గా 40 గళ్లు వస్తాయి. రోజుకొక గడి, గడికొక మనిషి పేరు, పావుగంట నుంచి ఇరవై నిమిషాలు. ఎవరి కోసం ప్రార్థిస్తారో ఆ పేర్లు ముందే కాగితం మీద రాసుకోండి. మీతో మాట్లాడడం మానేసినవాళ్ల పేర్లు కూడా వేయండి. ఆదివారం ఉలి ముట్టుకోవద్దు.

మాట చిన్నదిగా ఉండాలి. "కృప" అనుకుందాం. ట్రేసింగ్ పేపర్ మీద మెత్తటి 6బి పెన్సిలుతో ఆరు సెంటీమీటర్ల ఎత్తున లావుగా రాసి, కాగితాన్ని బోర్లించి లినో మీద పెట్టి చెంచా వీపుతో రుద్దండి. అక్షరాలు తిరగబడి దిగుతాయి. పలక మీద ఎడమ నుంచి చూస్తే ముందు ప, తర్వాత వట్రసుడి, చివర్న క ఉండాలి. అద్దం ఎదురుగా పట్టి చదివి చూడండి. చాలామంది దెబ్బతినేది ఇక్కడే: నేరుగా పలక మీద రాసేసి, వారాల తరబడి చెక్కాక అచ్చు తీస్తే మాట అద్దంలో చూసినట్టు తిరగబడి వస్తుంది. పెన్సిలు గీత చెయ్యి తగిలి చెరిగిపోతుంది కాబట్టి మార్కరుతో దిద్దుకోండి.

అక్షరాన్ని వదిలి చుట్టూ ఉన్నది తీసేస్తాం. ఆ రోజు గడిలో అక్షరం అంచు ఉంటే ముందు వి ఆకారపు ఉలితో అంచు గీసుకుని, మిగతాది యు ఆకారపు ఉలితో ఎత్తేయాలి. లోతు మిల్లీమీటరు, ఒకటిన్నర చాలు. కింద గోనెగుడ్డ కనబడితే ఎక్కువ దిగినట్టే. ఉలి నిటారుగా పెడితే గుచ్చుకుంటుంది, వాల్చి తోయాలి. అక్షరం గోడ అడుగున వెడల్పుగా వాలి ఉండాలి. లోపలికి తొలిస్తే అచ్చు ఒత్తిడికి అంచు విరిగిపోతుంది.

మన అక్షరాలన్నీ వంపులే, అందుకే ఇంగ్లిషు పాఠాల్లో నేర్పే పద్ధతి ఇక్కడ చాలదు. వంపు దగ్గర ఉలిని తిప్పొద్దు. ఉలి ఉన్నచోటే ఉంచి, రెండో చేత్తో పలకను నెమ్మదిగా తిప్పండి. ఆ చెయ్యి ఎప్పుడూ ఉలి వెనకే ఉండాలి, ముందు ఉంటే వేలు తెగుతుంది. తలకట్టుకూ కింది వంపుకూ మధ్య సందు 2 మిల్లీమీటర్లకు తగ్గితే సిరా నిండి మూసుకుపోతుంది.

గడి మొదలుపెట్టే ముందు ఒక కీర్తన భాగం మెల్లగా రెండుసార్లు చదివి, ఆ రోజు పేరు ఒక్కసారి పైకి పలకండి. తర్వాత మాటలు వెతుక్కోవద్దు. ఒక్కో తోపుకు ఆ పేరే సరిపోతుంది. పొడవైన ప్రార్థనలకు అలవాటుపడ్డ మనకు ఇది మొదటి వారం ఖాళీగా అనిపిస్తుంది. అనిపించనివ్వండి. 46వ కీర్తన "ఊరకుండుడి" అన్నది మనకు కూడా.

గీత తప్పుతుంది, తప్పకుండా. అతికించొద్దు, పలక మార్చొద్దు. మార్చాలనిపించిన ఆ నిమిషంలోనే మనం మనిషిని వదిలేసి బొమ్మ అందం గురించి ఆలోచిస్తున్నాం. ఆ గడిలో ఎవరి పేరుందో మళ్లీ పలికి పని సాగించండి.

దయచేసి దీన్ని పోటీ చేయకండి. యవనస్థుల కూటంలో పెట్టి మొదటి బహుమతి, రెండో బహుమతి అంటే ఉలి ఆడుతుంది, ప్రార్థన ఆగిపోతుంది. రోజూ ఫొటో తీసి స్టేటస్ పెట్టినా అంతే.

ఈస్టర్ తెల్లవారుజామున అచ్చు వేయండి. నీటి సిరా అయితే ఫ్యాను ఆపాలి, మన ఎండలకు రోలరు మీదే ఆరిపోతుంది. నూనె సిరా నిదానం, కాగితం మీద ఆరడానికి కొన్ని రోజులు పడుతుంది. గాజు పలక మీద సిరాను రోలరుతో పల్చగా పరవండి. సన్నగా చిటపటమంటే సరిపోయినట్టు, జిగటగా పీల్చినట్టు మోగితే ఎక్కువైనట్టు. పల్చటి చేతి కాగితం పరిచి స్టీలు చెంచా వీపుతో మధ్య నుంచి అంచులకు రుద్దండి. మొదటి రెండు మూడు అచ్చులు వెలిసినట్టు వస్తాయి, లినో సిరా పీల్చుకుంటుంది కాబట్టి. నాలుగోది చూడండి. పలక మీద నూనె సిరాను వంటనూనెలో ముంచిన గుడ్డతో తుడిచి, ఎండ తగలని చోట బల్లపరుపుగా దాచితే వచ్చే ఏడాదికీ పనికొస్తుంది.