18 దాటితే చిల్లు పూడిపోతుందా?

మెట్లెక్కుతూ రెండో అంతస్తు దగ్గర ఆయాసంతో ఆగి, రెయిలింగ్ పట్టుకుని, 'ఈమధ్య ఒళ్లు చేశాను కదా' అని నవ్వేసే 40 ఏళ్ల ఆడవాళ్లు మన ఇళ్లలోనే ఉన్నారు. ఆసుపత్రికి వెళితే ఒకరు రక్తం తక్కువంటారు, ఒకరు ఆస్తమా అని ఇన్‌హేలర్ రాస్తారు, ఇంకొకరు గ్యాస్ మాత్రలిచ్చి 'టెన్షన్ తగ్గించుకోమ్మా' అని పంపేస్తారు. పుట్టుకతోనే గుండెకు చిల్లుందేమో చూద్దామన్న ఆలోచన చాలామందికి రానే రాదు. అది పిల్లల జబ్బట!

వెయ్యి మంది శిశువుల్లో సుమారు 8 మంది గుండెలోపంతో పుడతారు. అందరూ ఉయ్యాల్లోనే నీలంగా మారి బయటపడరు. గుండె పై గదుల మధ్య గోడకు చిల్లున్న వాళ్లు, డాక్టర్లు ఏఎస్‌డీ అంటారు, చాలామంది ఆడుతూ పాడుతూ పెరుగుతారు, పెళ్లిళ్లవుతాయి, పిల్లలూ పుడతారు. లోపల మాత్రం ఊపిరితిత్తులకు వెళ్లొచ్చిన రక్తమే కొంత మళ్లీ అటే పోతూ, చిల్లు పెద్దదైతే కుడివైపు గదులు ఏటికేడాది సాగిపోతుంటాయి. 30, 40 దాటాక ఆయాసం, గుండెదడ. అప్పుడూ వదిలేస్తే కొందరికి ఊపిరితిత్తుల్లో పీడనం పెరిగి రక్తం ఎదురు తిరుగుతుంది, ఇక చిల్లు మూయడానికీ వీలుండదు, గర్భం వస్తే తల్లి ప్రాణానికే ముప్పు. ముందే దొరికుంటే చాలామందికి తొడ దగ్గరి రక్తనాళం గుండా గొడుగులాంటి పరికరం పంపి మూసేసేవాళ్లు, ఛాతీ కోయకుండానే.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 18 ఏళ్ల దాకా పిల్లల్ని పరీక్షిస్తుంది. సంతోషం. మరి ఆ ఏడాదికే 18 దాటేసినవాళ్లు? ఇప్పుడు 30 దాటిన తరమంతా ఆ పరీక్ష లేకుండానే పెరిగింది. పసిపిల్లల గుండె ఆపరేషన్లకు ఫ్లెక్సీలు కట్టే ప్రభుత్వాలకు ఆ పిల్లల తల్లుల ఆయాసం వినిపించదు.

ఆయాసానికి వంద కారణాలు, అందరికీ టూడీ ఎకో, అంటే గుండె స్కానింగ్, తీస్తే మిషన్లు చాలవంటారు. నిజమే, అందరికీ తీయమని మేమూ అనడం లేదు. నెలల తరబడి మందు వాడినా తగ్గని మనిషికైనా తీయండి. అంతకంటే ముందు స్టెత్ పెట్టి రెండు నిమిషాలు వినండి, చీర కొంగు మీంచి కాదు. ఏఎస్‌డీలో గుండె 'లబ్-డబ్'లోని రెండో చప్పుడు రెండుగా చీలినట్టు వినిపిస్తుందనీ, ఊపిరి తీసినా వదిలినా ఆ చీలిక మారదనీ ఎంబీబీఎస్‌లో చదివిందేగా!

ఊళ్లో హెల్త్ క్యాంపు పెట్టి, బీపీ, షుగర్ చూసి, బ్యానర్ ముందు ఫొటో దిగి వెళ్లిపోయే అధికారులారా, 18వ పుట్టినరోజు నాడు గుండె చిల్లు తనంతట తానే పూడిపోతుందని మీకెవరు చెప్పారు?