ముప్పై పైసల మహాయాత్ర

పెట్రోలు ఎక్కడ నాలుగు పైసలు తక్కువకు దొరుకుతుందో వెతుక్కుంటూ తిరగడం దండగమారి పని అని వాదించే అవివేకులు విశాఖపట్నంలో ఈ మధ్య బాగా ఎక్కువయ్యారు. వారికి సమాధానం చెప్పవలసిన బాధ్యత, ఆ విద్యలో ఏడాదిన్నరగా శిష్యరికం చేస్తున్న నా మీద పడింది. నా గురువు మా పెద్ద తోడల్లుడు. గాజువాకలో ఉంటారు, రిటైరయ్యారు, జేబులో ఎప్పుడూ ఒక చిన్న డైరీ ఉంటుంది. అందులో నగరంలోని బంకులన్నిటి ధరలూ రెండు దశాంశ స్థానాల వరకూ తేదీలవారీగా రాసి ఉంటాయి. మా తోడల్లుడికి మనవల పుట్టినరోజులు గుర్తుండవు గానీ, పోయిన సంక్రాంతికి ఎన్‌.ఏ.డి. కొత్త రోడ్డులో లీటరు ఎంతో అడిగితే తడుముకోకుండా చెబుతారు.

ముందుగా లెక్క చూద్దాం, ఎందుకంటే మా ప్రత్యర్థులు ఎప్పుడూ లెక్కతోనే మీద పడతారు. నేనుండేది మధురవాడలో. పెందుర్తి వైపు ఒక బంకులో లీటరుకు ముప్పై పైసలు తక్కువని డైరీ చెప్పింది. రానూపోనూ నలభై కిలోమీటర్లు. నా స్కూటరు లీటరుకు నలభై అయిదు ఇస్తుంది కాబట్టి ప్రయాణానికి ముప్పాతిక లీటరుకు పైగా అయింది, అంటే తొంభై ఏడు రూపాయలు. ట్యాంకులో పట్టింది అయిదు లీటర్లు కనుక మిగిలింది అక్షరాలా రూపాయిన్నర. ఇక్కడ గమనించవలసిన విషయం వేరే ఉంది. బంకుకూ బంకుకూ మధ్య ఈ పైసల తేడా చాలావరకూ డిపో నుంచి ట్యాంకరు వచ్చే దూరాన్ని బట్టి ఏర్పడుతుంది. ట్యాంకరు ఆ పెట్రోలును మా పేట దాకా మోసుకొచ్చినందుకు నా దగ్గర అదనంగా తీసుకునేది లీటరుకు ముప్పై పైసలే. ఆ మోత నేనే మోసుకుంటే అయిన ఖర్చు తొంభై ఏడు రూపాయలు. స్వావలంబన ఎప్పుడూ ఖరీదైన వ్యవహారమే, పెద్దలకు తెలియనిది కాదు.

ఈ శాస్త్రానికి విశాఖ పుట్టినిల్లు అనడానికి చారిత్రక ఆధారం కూడా ఉంది. ఒకప్పుడు ధరలు నెలకు రెండుసార్లు, ఒకటో తేదీన, పదహారో తేదీన మారేవి. ధర పెరుగుతుందన్న వార్త వస్తే చాలు, ముందురోజు రాత్రి భోజనాలు మానుకుని బంకుల ముందు బారులు తీరేవాళ్లం. రెండు రూపాయలు ఆదా చేయడానికి గంటసేపు ఇంజను ఆపకుండా వరుసలో నిలబడిన ఆ రోజులు తలచుకుంటే ఇప్పటికీ కళ్లు చెమర్చుతాయి. 2017 మే 1 నుంచి రోజువారీ ధరలను ప్రయోగాత్మకంగా అమలు చేయడానికి దేశంలో అయిదు నగరాలను ఎంచుకుంటే అందులో మనదీ ఒకటి. తోడుగా పుదుచ్చేరి, ఉదయ్‌పూర్‌, జంషెడ్‌పూర్‌, చండీగఢ్‌ ఉన్నాయి. జూన్‌ 16 నుంచి దేశమంతటా అదే పద్ధతి వచ్చింది. నాటి నుంచి మా తోడల్లుడు ఉదయం ఆరు గంటలకల్లా సుప్రభాతం కంటే ముందు ధర వింటారు. అయితే 2022 మే నుంచి 2024 మార్చి దాకా, రోజూ మారవలసిన ఆ ధర చెప్పుకోదగ్గంతగా కదలనే లేదు. ఆ రెండేళ్లూ డైరీలో ఒకటే అంకె దాదాపు రామకోటి రాసినట్టు కనిపిస్తుంది.

బంకు దగ్గర ఆచరించవలసిన విధులను కూడా ఆయనే నేర్పారు. తెల్లవారుజామునే వెళ్లాలి, చల్లదనానికి పెట్రోలు చిక్కబడి ఎక్కువ వస్తుంది. ఆ పెట్రోలు భూమిలో పాతిన ట్యాంకులో ఉంటుందనీ, పైన ఎండ కాసినా మంచు కురిసినా దాని వేడిలో పెద్ద తేడా రాదనీ ఒకసారి విన్నవించుకున్నాను. నా వైపు జాలిగా చూశారు. నూరు రూపాయలకు కొట్టించకూడదు, నూటపది అనాలి, అప్పుడు కుర్రాడు కంగారుపడి మోసం చేయలేడు. కొట్టడం అయ్యాక పైపును స్వయంగా పైకెత్తి, మడత విప్పి, చివరి మూడు బొట్లూ రాలేదాకా దులపాలి. వెనక వరుసలో హారన్లు మోగుతున్నప్పుడు కూడా ఆయన ఆ పైపును ఆవు పొదుగు పిండినంత నిదానంగా పిండటం నేను చూశాను. రెండు బొట్లు ట్యాంకులో పడ్డాయి. మూడోది ఆయన చెప్పు మీద పడింది.

ఇక మా తీర్థయాత్ర సంగతి. ఫ్రెంచివారు 1954లో యానాం వదిలి వెళ్లారు గానీ, ఆ ఊరు పుదుచ్చేరిలో కలిసి ఉండిపోవడం వల్ల అక్కడ పన్ను తక్కువ. మనకు 31 శాతం వ్యాట్‌, దాని మీద లీటరుకు 4 రూపాయలు, ఆపైన రహదారుల కోసమని మరో రూపాయి. ఆ రూపాయి రహదారులు ఎంత బాగున్నాయో నా నడుమునడిగితే చెబుతుంది. 1957 నుంచీ మల్కాపురంలో చమురు శుద్ధి చేస్తున్న ఊరివాళ్లం, రాత్రి యారాడ కొండ మీంచి ఆ కర్మాగారం మంట ఉచితంగా చూడగలం గానీ, చౌక పెట్రోలు కావాలంటే గోదావరి ఒడ్డుకు పోవాలి. ఎంత తక్కువ వేసుకున్నా లీటరుకు పది రూపాయలు మిగులుతుందని తోడల్లుడు ఆయన కారు తీశారు. ట్యాంకులో ముప్పై అయిదు లీటర్లు పట్టాయి, మూడు వందల యాభై రూపాయలు మిగిలాయి. రానూపోనూ ఇరవై లీటర్లు తగలబడ్డాయి. టోలు గేట్లు వేరే. దారిలో అన్నవరంలో దర్శనం చేసుకుని ప్రసాదం పట్టుకొచ్చాం కాబట్టి ఆ ఇరవై లీటర్లనూ తోడల్లుడు డైరీలో దైవకార్యం పద్దు కింద రాసేశారు. దాంతో యాత్ర లాభాల్లో ముగిసింది.

మొన్న ఆదివారం పొద్దున్నే ఫోను మోగింది. సబ్బవరం దారిలో ఒక బంకులో ఇరవై రెండు పైసలు తగ్గిందట. "తమ్ముడూ, ఆలస్యం చేస్తే జనం ఎగబడతారు, బయల్దేరు" అన్నారు.

"అన్నయ్యగారూ, బండిలో పెట్రోలు లేదండీ" అన్నాను.

ఆయన ఒక్క క్షణం ఆలోచించారు. "అక్కడిదాకా రావాలి కదా, మీ ఇంటి దగ్గర బంకులోనే ఓ నూటపది కొట్టించుకో."