ఎన్నింటికి బయల్దేరారు?

హైదరాబాద్ నుంచి బెజవాడ వచ్చిన అల్లుడికి గుమ్మంలో కాళ్లు కడుక్కోవడానికి నీళ్లివ్వడం మానేసి చాలా కాలమైంది. ఇప్పుడు చెంబుకు బదులు ప్రశ్న ఇస్తున్నారు. 'ఎన్నింటికి బయల్దేరారు?' మనం నోరు తెరిచేలోపే మామగారి కళ్లు గోడ గడియారం మీదికి వెళ్తాయి. ఆయన లోపల తీసివేత జరిగిపోతుంది. మిగిలిన అంకెను బట్టి మన విలువ తేలుతుంది. నాలుగ్గంటల లోపైతే సమర్థుడు. నాలుగున్నరైతే ఫరవాలేదు. ఐదు దాటితే ఇంట్లో ఆడవాళ్లు మా ఆవిడని పక్కకి తీసుకెళ్లి 'దారిలో ఏమన్నా అయిందా అమ్మా?' అని గొంతు తగ్గించి అడుగుతారు.

హైవేల మీద వేగం గురించి నిపుణులు చాలా రాశారు. రోడ్డు వంపులు, టైర్లలో గాలి, డ్రైవర్ల నిద్రలేమి అన్నీ రాశారు. ఈ గుమ్మం గురించి మాత్రం ఒక్కరూ రాయలేదు. ఆ లోటు తీర్చడానికే నేను కలం పట్టాను.

కేంద్ర రవాణా శాఖ 2018 ఏప్రిల్‌లో వేగాల మీద ఒక నోటిఫికేషన్ ఇచ్చింది. మధ్యలో డివైడర్ ఉన్న నాలుగు లేన్ల రోడ్డు మీద కార్లు 100, బస్సులు 90, లారీలూ బైకులూ 80, ఆటోలు 50 దాటకూడదంది. అవసరమైన చోట ఇంకా తగ్గించుకునే వీలు కూడా ఉంది. ఏ బండికి ఎంతో చాలా శ్రద్ధగా రాశారు. కానీ ఆ రాసినవాళ్లలో ఒక్కరికీ తోడల్లుడు ఉన్నట్టు లేదు.

నాకున్నారు. మా ఆవిడ అక్క భర్త, ఆ ఇంటికి పెద్దల్లుడు. మకాం మియాపూర్. నేను వనస్థలిపురంలో ఉంటాను కాబట్టి బెజవాడకి ఆయన నాకంటే ముప్ఫై కిలోమీటర్ల పైచిలుకు వెనక ఉన్నట్టు. అయినా ఏ పండక్కి వచ్చినా మూడు గంటల ఇరవై నిమిషాల్లో దిగుతారు. పాతికేళ్ల కిందట పెళ్లిలో ఆయనకి స్కూటరూ నాకు వాచీ పెట్టారు గనక, వేగం ఆయన ఖాతాలోకీ కాలం నా ఖాతాలోకీ అప్పుడే వచ్చాయేమో అనుకుని ఊరుకున్నాను చాలా ఏళ్లు.

తర్వాత విచారణ చేస్తే తెలిసింది. ఆయన గడియారం పెద్ద అంబర్‌పేట దగ్గర రింగురోడ్డు దిగాక గానీ మొదలవదు. టోల్‌గేట్ల దగ్గర ఆగింది గవర్నమెంటు ఖాతా. నార్కట్‌పల్లిలో టీ, పిల్లల ఖాతా. ఇబ్రహీంపట్నం నుంచి గొల్లపూడి దాకా ట్రాఫిక్కు, కార్పొరేషన్ ఖాతా. ఇవన్నీ పోగా మిగిలిందే డ్రైవింగు. ఇన్‌కంటాక్సులో కూడా ఇన్ని మినహాయింపులు లేవు.

సరే, లెక్కల్లోకి వద్దాం. హైదరాబాద్ నుంచి బెజవాడకి సుమారు 270 కిలోమీటర్లు. ఎక్కడా ఆగకుండా గంటకి వంద చొప్పున పోతే 2 గంటల 42 నిమిషాలు. నూట ఇరవై చొప్పున పోతే రెండుంబావు. అంటే నోటిఫికేషన్‌ని తుంగలో తొక్కి, పక్కసీటులో ఉన్న మనిషి చేత ఆంజనేయ దండకం చదివించి, మనం సంపాదించేది 27 నిమిషాలు. ఆ సంపాదనతో ఏం చేస్తాం? సూర్యాపేట దగ్గర హోటల్లో దిగుతాం. మసాలా దోశకి పావుగంట, చట్నీ రెండోసారి పోసేవాడు ఇటు చూడ్డానికి పది నిమిషాలు, బిల్లు కౌంటర్లో చిల్లరకీ సోంపుకీ ఐదు నిమిషాలు, బాత్రూముకి వెళ్లిన పెదనాన్న తిరిగొచ్చేదాకా ఇంకో పది. దోశ మీద మనకి కోపం రాదు. పెదనాన్న మీదా రాదు. కోపమంతా చౌటుప్పల్ దగ్గర వందలో పోతూ కుడి లేను వదలని స్విఫ్ట్ వాడి మీదే.

ఆ హోటల్ పార్కింగులోనే ఇంకో అద్భుతం జరుగుతుంది. దారంతా మన వెనక లైట్లు కొట్టి, హారన్ మోగించి, ఎడంవైపు నుంచి దూరి కట్ కొట్టి వెళ్లిపోయిన తెల్ల బండి ఉంటుంది కదా, అది మన పక్కనే ఆగి ఉంటుంది. దాని యజమాని లోపల సాంబారిడ్లీని చెంచాతో చిన్న చిన్న ముక్కలు చేసుకుని, ఒక్కోటీ ఊదుకుంటూ తింటుంటాడు. అంత నిదానస్థుడిని మా ఊళ్లో పురోహితుల్లో కూడా చూడలేదు.

కార్ల నిబంధనలు రాసేవాళ్లకి మన సంగతి కొంత తెలుసు. 2019 జులై నుంచి కొత్తగా వచ్చే కార్లన్నిటిలో, ముల్లు 80 దాటితే నిమిషానికోసారి బీప్ మనాలి, 120 దాటితే ఆగకుండా మోగాలి అని నిబంధన పెట్టారు. ఉద్దేశం మంచిదే. కానీ నిమిషానికోసారి సణిగే గొంతు మధ్య ప్రశాంతంగా బండి నడపడం తెలుగు మగవాడికి పెళ్లినాటి నుంచీ అలవాటే. పాట సౌండు రెండు గీతలు పెంచుతాడు, అయిపోయింది. సీటు బెల్టు పెట్టుకోలేదని మోగే బీప్‌కి ఇంకా మంచి విరుగుడు కనిపెట్టాం: బెల్టు బదులు ఆ గాడిలో గుచ్చే ఉత్తి క్లిప్పు. 2023 మేలో కేంద్ర వినియోగదారుల పరిరక్షణ సంస్థ వాటిని అమ్మొద్దని ఆన్‌లైన్ దుకాణాలకి తాఖీదులిచ్చింది. ప్రాణం కాపాడే తాడు కారుతోపాటు ఉచితంగా వస్తే, దాన్ని తప్పించుకోవడానికి డబ్బు పెట్టి ఇనపముక్క కొనుక్కున్న జాతి మనది. చేతిలో చిల్లిగవ్వ లేకపోయినా పంతానికి లోటు లేదు.

ఇక లారీలు. డివైడర్ పక్కనున్న కుడి లేను లారీల పిత్రార్జితం. ఎందుకని అడిగితే డ్రైవర్లు న్యాయమైన సమాధానమే చెబుతారు: ఎడమ లేనులో బైకులొస్తాయి, ఆటోలాగుతాయి, గేదెలు దాటతాయి, గుంతలుంటాయి. నిజమే. అరవైలో పోయే లారీని అరవై రెండులో పోయే లారీ దాటుతున్నప్పుడు వెనక నుంచుని చూడవలసిందే. మన భాషలో నుంచోవడమే అది. గంటకి రెండు కిలోమీటర్ల తేడాతో నలభై మీటర్లు ముందుకి రావాలంటే 72 సెకన్లు పడుతుంది. ఈలోపు రోడ్డు కిలోమీటరుంబావు అయిపోతుంది. ఆ కిలోమీటరుంబావూ రెండు లారీల వెనక రాతలూ తీరిగ్గా చదువుకోవచ్చు. ఒకదాని మీద 'నరుడి దృష్టికి నల్లరాయైనా పగులును', రెండోదాని మీద 'సౌండ్ హారన్'. మనం రెండో రాత మాత్రమే పాటిస్తాం.

ఆ లారీ కుడి ఇండికేటర్ వేస్తే అర్థమేమిటన్నది వేదాంతంతో సమానమైన చిక్కు. 'నువ్వు కుడివైపు నుంచి వెళ్లిపో నాయనా' అని ఒక అర్థం. 'నేను కుడికి తిరుగుతున్నాను, రాకు' అని ఇంకొకటి. 'నిన్న కోదాడలో వేశాను, ఆపడం మర్చిపోయాను' అని మూడోది. మొదటి రెంటికీ మధ్య తేడా మన ఇన్సూరెన్సు కంపెనీకి మాత్రమే తెలుస్తుంది. కార్లవాళ్లు నాలుగు లైట్లూ ఒకేసారి మిణుకు మిణుకుమనిపిస్తే 'నిటారుగా పోతున్నాను' అని. వాన పడితే కూడా వేస్తారు, పడుతున్నది వానే అని వెనకవాళ్లకి తెలియాలి కదా.

దూరం సంగతి కూడా చెప్పాలి. వందలో పోయే బండి ఒక్క సెకనులో 28 మీటర్లు పోతుంది. బ్రేకు మీదికి కాలు వెళ్లడానికే ఆ సెకను కావాలి. మనం ముందు బండికి ఇచ్చే ఎడం, దాని వెనకద్దం మీద అంటించిన 'ఓం' స్టిక్కర్ కింద ప్రింటింగ్ ప్రెస్ పేరు చదవగలిగినంత. ఇదేమిటని ఒకసారి మా తోడల్లుడి బండిలో కూర్చున్నప్పుడు అడిగాను. 'గ్యాప్ ఇస్తే ఎవడో ఒకడు దూరతాడు తమ్ముడూ' అన్నారు. వాదించడానికి నా దగ్గర ఏమీ లేకపోయింది. ఆయన గ్యాప్ ఇచ్చిన మరుక్షణం నిజంగానే ఒకడు దూరాడు.

స్పీడ్‌గన్ ముందు మాత్రం మనంత వినయవంతులు లేరు. చెట్టు కింద జీపు కనబడితే చాలు, ముల్లు 130 నుంచి 78కి రెప్పపాటులో దిగుతుంది. ఆ నాలుగు వందల మీటర్లూ లేను మారం, హారన్ కొట్టం, ఎడంపక్క ముసలాయనకి దారి కూడా ఇస్తాం. ఇంకా గొప్ప సంగతి, అవతలి రోడ్డు మీద వచ్చేవాళ్లకి లైట్లు కొట్టి 'ముందు ఉన్నారు, చూసుకో' అని చెబుతాం. ఏ రాష్ట్రం నంబరో చూడం, ఏ కులమో అడగం. రెండు రాష్ట్రాలు విడిపోయాక కూడా చెక్కుచెదరకుండా మిగిలిన ఉమ్మడి ఆస్తి ఈ సోదరభావం ఒక్కటే.

చలాన్ వచ్చినా దిగులు లేదు. తెలంగాణలో 2022లో పాత చలాన్ల మీద బైకులకి 75 శాతం, కార్లకి 50 శాతం తగ్గింపు ఇచ్చారు. 2023 చివర్లో బైకులకి 80 శాతం, కార్లకి 60 శాతం ఇచ్చారు. అప్పటినుంచీ చలాన్ అంటే జరిమానా అనుకోవడం మానేసి ఆషాఢం సేల్ అనుకుంటున్నాం. నేను ఒకసారి వచ్చిన వెంటనే పూర్తి మొత్తం కట్టేశాను. మా బావమరిది ఆ రసీదు చూసి, మొదటి వారంలోనే టీవీ కొనేసినవాణ్ణి చూసినట్టు చూశాడు.

రాంగ్ రూట్లో వచ్చే పాల బండివాడిని తిట్టడం నేను మానేశాను. వాడి ఇల్లు డివైడర్‌కి అవతల, పాల కేంద్రం ఇవతల, యూటర్న్ ఎక్కడో దూరంగా. ఒడ్ల కాలంలో సర్వీసు రోడ్డు మీద ధాన్యం ఆరబోసే రైతు కూడా సరదాకి పోయడు, కల్లం లేక పోస్తాడు. ధాన్యం ఎత్తుకెళ్లాక చుట్టూ పేర్చిన రాళ్లు అక్కడే వదిలేస్తాడు చూడండి, దానికి మాత్రం నా దగ్గర సమర్థన లేదు. రాత్రి పదకొండింటికి అలాంటి ఒక రాయి నా బండి కింద చేసిన చప్పుడు ఇప్పటికీ చెవుల్లో ఉంది.

2022లో దేశం మొత్తం మీద రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది పోయారు. అందులో నూటికి 71 మంది పేరు పక్కన, కారణం దగ్గర, రవాణా శాఖ 'అతివేగం' అని రాసుకుంది. వాళ్ల కోసం కూడా ఏదో ఒక ఇంట్లో ఎవరో ఒకరు గోడ గడియారం వంక చూస్తూనే ఉండి ఉంటారు.

అందుచేత ప్రభుత్వానికి నా సిఫార్సు ఒకటే. రోడ్డు పక్క అంకెల బోర్డులు తీసేయండి, వాటిని ఎవరూ చదవడం లేదు. ఫాస్టాగ్ తప్పనిసరి చేసి 2021 ఫిబ్రవరి నుంచి ప్రతి టోల్‌గేటు దగ్గరా డబ్బు ఎలాగూ కోస్తున్నారు, కోసినట్టు టైముతో సహా ఫోనుకి మెసేజీ వస్తోంది. ఆ మెసేజీ నకలు ఒకటి మామగారి ఫోనుకి కూడా పంపే ఏర్పాటు చేయండి. పంతంగి ఎన్నింటికి, కొర్లపహాడ్ ఎన్నింటికి, చిల్లకల్లు ఎన్నింటికి, అన్నీ ఆయన కళ్లముందు ఉంటాయి. ఎవరు ఎంతలో వచ్చారో సాక్ష్యంతో తేలిపోతుంది. మియాపూర్ నుంచి మూడుంబావులో వచ్చామనే మహానుభావుల బండారం బయటపడుతుంది. వేగం దానంతటదే తగ్గుతుంది.

ఈ ఆలోచన నాకు మొన్న సంక్రాంతికి ముందు వచ్చింది. తెల్లవారుజామున ఆరింటికి వనస్థలిపురంలో బయల్దేరాం. నోటిఫికేషన్‌ని మనసులో పెట్టుకుని, వంద దాటకుండా, ప్రతి లారీకీ దాని కిలోమీటరుంబావూ ఇస్తూ, పండగ రద్దీలో ఈదుకుంటూ పదకొండూ ఇరవైకి బెజవాడ చేరాం. గుమ్మంలో మామగారు, బావమరిది, కుర్చీలో అప్పటికే స్నానం చేసి పంచె కట్టుకుని కాఫీ తాగుతున్న పెద్దల్లుడుగారు.

'ఎన్నింటికి బయల్దేరారు అల్లుడుగారూ?'

ఐదు గంటల ఇరవై నిమిషాలు అని నోటి చివరిదాకా వచ్చింది. కాఫీ కప్పు మీదుగా మా తోడల్లుడు నవ్వుతున్నట్టు అనిపించింది.

'ఏడున్నర' అన్నాను.

మామగారు గడియారం చూశారు. మూడూ యాభై. తల పంకించారు. మా ఆవిడ నావైపు చూడకుండా సంచులు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. ఇంక గట్టెక్కాం అనుకుంటుండగా, ఎనిమిదో తరగతి చదివే మా వాడు నా ఫోనులోంచి తలెత్తకుండానే అన్నాడు: 'నాన్నా, పంతంగి టోల్ మెసేజీ ఆరూ యాభై ఐదుకే వచ్చింది కదా?'

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. పెద్దల్లుడుగారు కప్పు కింద పెట్టి, వేళ్ల మీద ఏదో లెక్కేసుకుని, లేచొచ్చి నా చేయి పట్టుకున్నారు.

'బయల్దేరడానికి ముప్ఫై ఐదు నిమిషాల ముందే పంతంగి దాటేశావా తమ్ముడూ! ఇన్నేళ్లుగా నడుపుతున్నా, ఇంత స్పీడు నా వల్ల కాలేదు.'