గేమ్‌కి రిక్వైర్‌మెంట్లు అక్కర్లేదట!

మా కావలి ఇంజినీరింగ్ బ్యాచ్ గ్రూపులో ఈ వారం ఐదోసారి అదే మెసేజ్. "గేమ్ అంటే కళ, రిక్వైర్‌మెంట్లు రాసుకుంటే చచ్చిపోతుంది" అని మొదలై, నాలుగు పాయింట్లతో, దణ్ణం బొమ్మతో ముగుస్తుంది. రిక్వైర్‌మెంట్లంటే గేమ్‌లో ఏముండాలో, ఏముండకూడదో ముందే రాసుకునే కాగితం.

మైన్‌క్రాఫ్ట్ గేమ్‌ని 2009లో మార్కస్ పెర్సన్ ఒక్కడే మొదలెట్టాడు, డాక్యుమెంట్ లేదట. కోడ్ రాసేదీ ఆయనే, నిర్ణయించేదీ ఆయనే అయితే ఎవరికి రాసివ్వాలి నాయనా?

డాక్యుమెంట్లు పెద్ద కంపెనీల టైంపాస్ అట. సోనీ, నింటెండో కన్సోళ్లకి, అదే టీవీకి తగిలించి ఆడే గేమ్ పెట్టెలకి, గేమ్ పంపి చూడండి. ఆట మధ్యలో కంట్రోలర్ ఊడితే ఏం జరగాలో కూడా వాళ్ల చెక్‌లిస్టులో ఉంటుంది. అది తప్పితే గేమ్ వెనక్కే.

అసలు విషం మూడోది: "ప్లేయర్లు అడిగిందల్లా చేర్చుకుంటూ పోండి, గేమ్ దానంతటదే ఎదుగుతుంది." నెల్లూరు రొట్టెల పండగలో స్వర్ణాల చెరువు దగ్గర ఉద్యోగం రొట్టె, పెళ్లి రొట్టె పట్టుకున్నట్టు ఫీచర్ రొట్టెలు పట్టుకోమంటున్నాడు. అక్కడ రొట్టె పట్టుకున్నవాళ్లయినా ఏడాది ఆగుతారు. మనవాళ్లు శుక్రవారం సాయంత్రం అడిగి సోమవారం బిల్డ్, అంటే ఆడి చూసే కొత్త కాపీ, ఏదంటారు.

నేను అనుభవించాను కాబట్టే ఇంత మంట. నలుగురం కలిసి ఒంగోలు గిత్తల బండలాగుడు గేమ్ చేస్తున్నాం. రిలీజ్‌కి రెండు నెలల ముందు డబ్బు పెట్టినాయన "ఆన్‌లైన్లో ఇద్దరు ఆడేలా పెట్టండి, చిన్న పనే కదా" అన్నాడు. సరేనన్నాం. ఒంగోల్లో ఆడేవాడి ఫోన్లో బండ 500 అడుగులు కదిలింది, నెల్లూరు వాడికి 470. రెండు ఫోన్లలో ఒకే లెక్క రావాలంటే గిత్త నడక నుంచి తాడు బిగువు దాకా అంతా తిరగరాయాలి. తిరగరాస్తూ ఉండగానే డబ్బయిపోయింది. ఇది మా ఒక్కరి గోలే కాదు. డ్యూక్ న్యూకెమ్ ఫరెవర్ అనే గేమ్‌ని 1997లో ప్రకటిస్తే, కొత్తగా కనబడిందల్లా కావాలంటూ, మధ్యలో గేమ్‌ని నడిపించే ఇంజిన్ సాఫ్ట్‌వేర్‌నే మార్చుకుని, 2011లో బయటికొచ్చింది. పద్నాలుగేళ్లు బాగా "ఎదిగింది" మరి.

నాలుగోది, "ఫన్‌ని కాగితం మీద రాయలేం." ఇది మాత్రం నిజమే, ఒప్పుకుంటున్నా. డూమ్ అనే గేమ్ కోసం 1992లో పెద్ద డిజైన్ డాక్యుమెంటే రాశారు. 1993 డిసెంబరులో గేమ్ వచ్చేసరికి అందులో చాలా భాగం పక్కకి పోయింది. అందుకే మా రెండో గేమ్‌కి మొదటి నెల కాగితం ముట్టలేదు. ఉత్త పరుగు ఒక్కటే చేసి, వీధి పిల్లల చేతికి ఫోనిచ్చి కూర్చున్నాం. వాళ్లు ఫోన్ వెనక్కివ్వని రోజున రాయడం మొదలుపెట్టాం. మొత్తం ఆరు పేజీలు. "ఆన్‌లైన్ లేదు" అన్నది మొదటి పేజీలోనే ఉంది, కింద డబ్బు పెట్టినాయన సంతకంతో.