పింగ్ వస్తోందంటే వీడియో వస్తున్నట్టు కాదు

సీసీ కెమెరా పనిచేస్తోందో లేదో తెలియాలంటే "నిమిషానికోసారి పింగ్ చేస్తే చాలు" అని ఒక వ్యాసంలో రాశారు. పింగ్ అంటే నెట్‌వర్క్‌లో "ఉన్నావా" అని పలకరించడం. సరిపోదండీ. కెమెరాలో ఎన్‌కోడర్ (వీడియోని కుదించే భాగం) ఆగిపోయినా పింగ్‌కి జవాబు వస్తూనే ఉంటుంది. చూడాల్సింది ఫ్రేములు, అంటే వీడియోలోని ఒక్కో బొమ్మ. సెకనుకి 25 ఫ్రేముల కెమెరా నుంచి 40 మిల్లీసెకన్లకొకటి రావాలి. 3 సెకన్లు ఏమీ రాకపోతే పోయినట్టే లెక్కేసి అలారం కొట్టించండి. ఫ్రేమ్ రేటు 1కి తగ్గించిన చోట మాత్రం గడువు 10 సెకన్లు పెట్టాలి, లేకపోతే ఉత్తుత్తి అలారాలతో కాపలా మనిషి విసిగిపోతాడు.

కెమెరాకీ రికార్డర్‌కీ మధ్య కనెక్షన్ నడిపే టీసీపీని నమ్ముకుంటే మరీ ఆలస్యం. కేబుల్ తెగితే ఎన్‌వీఆర్‌కి (కెమెరాల వీడియో రికార్డు చేసే పెట్టెకి) ఏ కబురూ అందదు, కనెక్షన్ తెరిచే ఉన్నట్టు కనిపిస్తుంది. లైనక్స్‌లో కీప్‌అలైవ్ (అవతలివైపు ఇంకా ఉందా అని అడిగే సదుపాయం) ఆన్ చేసినా డీఫాల్ట్‌గా 7200 సెకన్లు ఆగి, ఆపైన 75 సెకన్లకొకటి చొప్పున 9 సార్లు అడుగుతుంది. అంటే 2 గంటల 11 నిమిషాలు! ఆ మూడు అంకెల్నీ 10, 3, 3గా మార్చండి, 19 సెకన్లలో తేలిపోతుంది.

కెమెరాల కేబుళ్లు కలిసే నెట్‌వర్క్ స్విచ్ పంపే లింక్ డౌన్ ట్రాప్ (లైను పోయిందన్న సందేశం) ఇంకా వేగం. కానీ మధ్యలో మీడియా కన్వర్టర్ (రాగి కేబుల్‌ని ఫైబర్‌కి కలిపే పెట్టె) ఉంటే అవతల వైరు ఊడినా ఇవతల లైటు వెలుగుతూనే ఉండొచ్చు.

మళ్లీ కలిపేటప్పుడు 1, 2, 4 సెకన్లు అంటూ 30 దాకా ఎడం పెంచుకుంటూ పోవాలి. లేదంటే పీఓఈ స్విచ్ (నెట్‌వర్క్ కేబుల్‌లోనే కెమెరాలకి కరెంటు ఇచ్చేది) రీస్టార్టయినప్పుడు 32 కెమెరాలకీ ఆగకుండా మళ్లీ మళ్లీ లాగిన్ అవ్వబోయి ఎన్‌వీఆర్ ఉక్కిరిబిక్కిరవుతుంది.